సైకిల్‌కు బండి తగిలితే: మొదటి గంట నుంచి ఆరో నెల దాకా



ప్రతి ఏటా ఈ సంచికకు మేము చదువుల గురించో, పదో తరగతి ఫలితాల గురించో రాస్తూ వచ్చాం. ఈసారి సైకిల్ గురించి రాస్తున్నాం. దాతలు చదివే పుస్తకంలో సైకిల్ ముచ్చట ఎందుకని మీరు అడగవచ్చు. వైద్యసాయం కోసం మన దగ్గరికి వచ్చే అర్జీల్లో రోడ్డు మీద దెబ్బ తిన్నవాళ్లవి ఎప్పుడూ ఉంటాయి. వాటిలో సైకిల్‌వాళ్ల అర్జీలు పక్కన పెట్టి చూస్తే అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. గుద్దిన బండి నంబరు ఉండదు. పోలీసు కాగితం ఉండదు. ఆసుపత్రి చీటీలో 'కిందపడ్డాడు' అని ఒక్క మాట ఉంటుంది. చట్టం ప్రకారం ఆ బండి యజమానో, అతని బీమా కంపెనీయో కట్టాల్సిన డబ్బు మీ చందాలోంచి పోతోంది. అది కూడా సరిపోక ఆ ఇంటి ఆడవాళ్ల మెడలోంచి పోతోంది.

ముందు మా తప్పు చెప్పుకుంటాం.

కొన్నేళ్ల కిందటి మాట. మా దగ్గర ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడు. తండ్రి తాపీ పనికి పోతాడు, తల్లి బీడీలు చుడుతుంది. పొద్దున అర్సపల్లి వైపు నుంచి సైకిల్ మీద బడికి వస్తుంటే ఒక కారు పక్కనుంచి తగిలింది. పిల్లవాడు పడిపోయాడు. హ్యాండిల్ తిరిగిపోయి దాని కొస వచ్చి పొట్టలో పొడుచుకుంది. కారాయన దిగి, బట్టలు దులిపి, 500 నోటు చేతిలో పెట్టి పోయాడు. చుట్టూ చేరినవాళ్లు "ఏం కాలేదు, పో బేటా" అన్నారు. వాడు ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య పట్టి హ్యాండిల్ సరిచేసుకుని ప్రార్థన గంటకు బడికి వచ్చేశాడు. మోకాలు గీరుకుని ఉంటే మేమే కడిగి, మందు రాసి, క్లాసులో కూర్చోబెట్టాం. ఆ రోజు లెక్కల పాఠం కూడా చెప్పాం. పొట్ట నొప్పి అని వాడు చెప్పలేదు, మేము అడగలేదు. సైకిల్ వంకర పోయిందని ఇంట్లో తిడతారన్న భయమే వాడికి ఎక్కువగా ఉంది.

ఆ రాత్రి నొప్పి మొదలైంది. తెల్లారేసరికి వాంతులు, మొహం పాలిపోయింది. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోతే ప్లీహం చీలి కడుపులో రక్తం చేరిందన్నారు. అల్లా దయవల్ల పిల్లవాడు బతికాడు. తల్లి గొలుసు పోయింది, రెండు చోట్ల అప్పు అయింది, మిగిలింది సొసైటీ భరించింది. మంచం పక్కన కూర్చుని "ఏ కారు బేటా?" అని అడిగితే "తెల్లది సార్" అన్నాడు. ఆ కేసుకు ఉన్న సాక్ష్యం అంతే. చదివింది ఎం.ఎడ్., ప్రథమ చికిత్స పాఠం ఇరవై ఏళ్లుగా చెబుతున్నాం. అయినా ఆ పొద్దున ఒక్క ప్రశ్న అడగలేకపోయాం. అందుకే ఈ పాఠం.

లేచి నిలబడ్డంత మాత్రాన

బండి తగిలినవాడు లేచి నిలబడితే మనవాళ్లు "బచ్ గయా" అంటారు. లేచి నిలబడటం శరీరం భయంలో చేసే పని. ఆ నిమిషాల్లో ఒంట్లో ఊరే రసాయనాలు నొప్పిని కప్పేస్తాయి. గంట గడిచాక, ఒక్కోసారి రోజు గడిచాక అసలు సంగతి బయటపడుతుంది.

పిల్లల విషయంలో హ్యాండిల్ కొస గురించి ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అది చిన్న గుండ్రటి చోటు. పడ్డ బరువంతా ఆ చోటనే పొట్టలోకి దిగుతుంది. పిల్లల పొట్ట కండరాలు పలుచన, పక్కటెముకలు మెత్తన. పైన రూపాయి బిళ్లంత మచ్చ ఉండవచ్చు, అదీ లేకపోవచ్చు. లోపల ప్లీహం, కాలేయం, క్లోమం, పేగు, వీటిలో ఏదైనా దెబ్బతిని ఉండవచ్చు. అందుకని పొట్టకు హ్యాండిల్ తగిలిందంటే గాయం కనిపించకపోయినా అదే రోజు డాక్టరుకు చూపించాలి, హ్యాండిల్ తగిలిందన్న మాట నోరు తెరిచి చెప్పాలి. ఆ మాట వింటే డాక్టరు స్కానింగ్ గురించి ఆలోచిస్తాడు. చెప్పకపోతే మోకాలికి కట్టు కట్టి పంపిస్తాడు, మేము చేసినట్టే.

తలకు తగిలినవాళ్ల సంగతి అంతకన్నా తొందరది. వాంతి అవుతున్నా, మత్తుగా ఉన్నా, అడిగిందే మళ్లీ అడుగుతున్నా, చెవిలోంచో ముక్కులోంచో రక్తం గానీ నీళ్లలాంటిది గానీ కారుతున్నా ఇంటికి తీసుకుపోకూడదు. రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్లకు చిన్న దెబ్బ తగిలినా చూపించాలి.

మెడ నొప్పి అన్నా, కాళ్లు తిమ్మిరి అన్నా, అతన్ని చేతులు ఒకరు, కాళ్లు ఒకరు పట్టి ఆటోలో వేయడం మహా ప్రమాదం. వెన్నులో విరిగిన ఎముక ఆ ఊపులోనే నరాన్ని తెంచవచ్చు. వాహనాలు రాకుండా ఇద్దరు నిలబడి, కదపకుండా 108కి ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న ఈ సేవ మొదలైనప్పటి నుంచి ఆ నంబరు అందరికీ నోటికి వచ్చు. కానీ ఫోన్ చేసిన తర్వాత ఎక్కడున్నామో చెప్పడం మాత్రం చాలామందికి రాదు. "బోధన్ రోడ్డు మీద" అంటే నిజామాబాద్ నుంచి బోధన్ దాకా ఎక్కడైనా కావచ్చు. జానకంపేట దాటామా, ఎడపల్లి వచ్చిందా, ఏ పెట్రోలు బంకు, ఏ మసీదు, ఏ కాలువ వంతెన, ఇవి చెప్పాలి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవాలి. పసుపు, కాఫీ పొడి, బూడిద పోయకూడదు. గుమిగూడినవాళ్లు ప్రేమతో నీళ్లో చాయో తాగిస్తారు. ఆపరేషన్ అవసరమైతే నిండు కడుపు ఇబ్బంది తెస్తుంది కాబట్టి డాక్టరు చూసేదాకా ఏమీ ఇవ్వకుండా ఉండటం మేలు.

నంబరు, ట్రాలీ నంబరు

మన ప్రాంతం రోడ్ల సంగతి వేరు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసిన తర్వాత ఈ వైపు బతుకంతా చెరుకు బండి చుట్టూ తిరిగింది. షిఫ్టు మారే వేళ సైకిళ్ల గుంపులు రోడ్డు నిండా ఉండేవని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గింది. ఉన్న చెరుకు దూరపు మిల్లులకు పోవాలి. దానికి తోడు నిజాంసాగర్ నీళ్ల కింద పండే వరి, కోత యంత్రాలు, ధాన్యం ట్రాలీలు, పసుపు లారీలు. చలికాలం పొద్దున మంచులో, వెనక లైటు లేని ట్రాలీ, ట్రాలీ బయటికి పొడుచుకు వచ్చిన గడలు, పక్కన పాల క్యాను కట్టుకుని పోయే సైకిల్. ఈ చిత్రం మీలో చాలామందికి కళ్లకు కట్టినట్టే ఉంటుంది.

ట్రాక్టరు తగిలితే రెండు నంబర్లు రాసుకోవాలని ఎంతమందికి తెలుసు? ఇంజనుకు ఒక రిజిస్ట్రేషన్, వెనక ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. బీమా విషయం వచ్చినప్పుడు ఇంజనుకు ఉందా, ట్రాలీకి ఉందా అన్న తగాదా లేస్తుంది. రెండూ ఫోటో తీసి ఉంటే సగం తగాదా అక్కడే తీరుతుంది. ట్రాలీకి నంబరే లేకపోతే లేదని తెలిసేలా ఫోటో తీయాలి.

మన జిల్లా బండ్ల మీద పాతవైతే ఏపీ 25, తర్వాతవి టీఎస్ 16, 2024 మార్చి తర్వాత వచ్చినవి టీజీ 16 అని ఉంటాయి. సాలూర దాటి నాందేడ్ వైపు నుంచి వచ్చేవాటి మీద ఎంహెచ్ 26 ఉంటుంది. ఆ మొదటి భాగం వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది కాబట్టి చివరి నాలుగు అంకెల మీద దృష్టి పెట్టమని పిల్లలకు చెబుతాం. ఆ పిల్లవాడి ఘటన తర్వాత మా బడి మైదానంలో ఒక ఆట మొదలుపెట్టాం. ఒక ఉపాధ్యాయుడు బండి మీద పిల్లల ముందు నుంచి పోతారు. పోయాక నంబరు అడుగుతాం. మొదటి రోజు ఎవరికీ గుర్తు లేదు. మరో రోజు ఒక ఆటోతో ఆడితే దాని వెనక రాసిన షాయిరీ మొత్తం అప్పజెప్పారు గానీ నంబరు చెప్పలేదు! నవ్వుకున్నాం గానీ ఆటో వెనక రాతా, బొమ్మా, రంగూ కూడా పోలీసులకు పనికొచ్చే ఆనవాళ్లే. నెల తిరిగేసరికి నలభై మందిలో ముప్పై మంది నంబరు చెప్పగలిగారు. ఫోన్ లేని పిల్లలు అరచేతి మీద పెన్నుతో రాసుకోవాలి. పెన్ను లేకపోతే పక్క దుకాణం వాళ్లకు చెప్పాలి.

సైకిల్‌ను కూడా తొందరపడి బాగు చేయించకూడదు. వంగిన చక్రం, విరిగిన మడ్‌గార్డు, రంగు అంటిన కారియర్, ఇవే బండి ఏ వైపు నుంచి తగిలిందో చెబుతాయి. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, పోలీసులు చూసేదాకా అలాగే ఉంచాలి.

ఇంకొక్కటి. డ్రైవర్‌ను కొట్టకూడదు. మానవత్వం ఒక కారణం. రెండో కారణం, కొడతారన్న భయం ఉన్న డ్రైవర్ ఆగడు. డ్రైవర్ ఆగి గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చాలని, పోలీసులకు తెలపాలని 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతుంది. గుంపు కోపం వల్ల గానీ, తన చేతిలో లేని మరో కారణం వల్ల గానీ ఆగలేకపోతే ఆ బాధ్యతకు మినహాయింపు కూడా అదే సెక్షన్‌లో ఉంది. నాలుగు దెబ్బలు వేసిన ఆవేశం వల్ల నంబరు పోయిన కేసులు మేము చూశాం.

ఆసుపత్రి చీటీలో ఏ మాట పడాలి

చీటీ రాసేచోట "ఏమైంది?" అని అడుగుతారు. మనవాళ్లు "గిర్ గయా" అంటారు, అది అలాగే రాస్తారు. నెలల తర్వాత బీమా కంపెనీ వకీలు మొదట చూపించే కాగితం అదే. "ఫలానా చోట, ఫలానా వేళ, సైకిల్ మీద పోతుంటే ట్రాక్టరు గుద్దింది" అని చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగాలి. ఎంఎల్‌సీ అంటే ఆసుపత్రి వాళ్లకు అర్థమవుతుంది. అది నమోదైతే పోలీసులకు సమాచారం పోతుంది. బోధన్ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, నిజామాబాద్ పెద్దాసుపత్రిలోనైనా ఇది రోజూ జరిగే పనే, మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

"పోలీసు కేసు, ముందు స్టేషన్‌కు పోయి రండి" అని ఏ ఆసుపత్రీ వెనక్కి పంపకూడదు. దీని వెనక ఒక కథ ఉంది. కారు గుద్దిన ఒక స్కూటరు మనిషిని దగ్గరలోని ఆసుపత్రికి తీసుకుపోతే, ఇలాంటి కేసులు చూసే అధికారం మాకు లేదని ఇరవై కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి పంపారు. అతను దారిలోనే చనిపోయాడు. పత్రికలో వచ్చిన ఆ వార్త పట్టుకుని పరమానంద్ కటారా అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు పోయారు. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, కాగితాలు తర్వాత అని 1989లో కోర్టు తీర్పు చెప్పింది. అదే మాట మోటారు వాహనాల చట్టంలోనూ చేరింది.

తీసుకువచ్చినవాళ్లకు కూడా రక్షణ ఉంది. 2016లో సుప్రీంకోర్టు, 2019 సవరణలో పార్లమెంటు చెప్పింది ఇది: సాయం చేసినవారిని పేరు చెప్పమని, సాక్షిగా ఉండమని బలవంతపెట్టకూడదు. రోడ్డు పక్క దుకాణాలు ఉన్న మన దాతలు ఈ సంగతి తమ దగ్గర పనిచేసే కుర్రాళ్లకు చెబితే చాలా మేలు. "మనకెందుకు లొల్లి" అని షట్టరు దించేవాళ్లలో చాలామందికి ఉన్నది చెడ్డతనం కాదు, స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం.

ఖర్చు సంగతి. మోటారు వాహనం వల్ల గాయపడినవారికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స చేసే పథకాన్ని కేంద్రం 2025 మే నెలలో నోటిఫై చేసింది. ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో అది వర్తిస్తుంది. గాయపడింది సైకిల్ మనిషైనా హక్కు ఒకటే, కాకపోతే ప్రమాదం పోలీసు రికార్డులోకి ఎక్కాలి. ఆరోగ్యశ్రీ పరిమితిని మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. చేర్చే ముందే "ఇక్కడ ఈ రెండిట్లో ఏది నడుస్తుంది?" అని అడగాలి. డబ్బు కట్టేశాక అడిగితే లాభం తక్కువ.

స్టేషన్, 500 నోటు

ఫిర్యాదు రాతపూర్వకంగా, అదే రోజు లేదా మరుసటి రోజు ఇవ్వాలి. తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా, నోటితో చెప్పినా తీసుకుని నమోదు చేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ప్రమాదం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపవచ్చు. ఆలస్యమైతే ఇక దారి లేదని కూడా అనుకోవద్దు. మనిషి ఆసుపత్రిలో ఉంటే ముందు స్టేషన్‌కు పరుగెత్తరు కదా, ఎఫ్ఐఆర్ ఆలస్యం ఒక్కటే పరిహారం కాదనడానికి కారణం కాదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. 2022 నుంచి ఉన్న నియమాల ప్రకారం పోలీసులు ప్రమాదపు మొదటి నివేదికను 48 గంటల్లో పరిహార ట్రిబ్యునల్‌కూ, బీమా కంపెనీకీ పంపాలి. ఈ సంగతి తెలిసి మర్యాదగా అడిగేవారికి స్టేషన్‌లో దొరికే జవాబు వేరుగా ఉంటుందని మా అనుభవం.

ఇక ఆ 500 నోటు. అక్కడికక్కడ వైద్యానికి డ్రైవర్ డబ్బిస్తే తీసుకోవడం తప్పు కాదు, ఎంత తీసుకున్నామో రాసుకుంటే చాలు. చేయకూడని పని సంతకం. తెల్ల కాగితం మీద గానీ, "నా తప్పే, ఇక ఏ క్లెయిమూ లేదు" అని రాసిన కాగితం మీద గానీ వేలిముద్ర పెట్టకూడదు. ఆ గంటలో పొట్టలో ఏముందో, ఎముకలో ఏముందో ఎవరికీ తెలియదు.

మనవాళ్ల నోట ఎక్కువగా వినే మాట ఒకటుంది. "పాపం అతనూ పేదవాడే సార్, కేసు పెడితే అతని పిల్లల నోట్లో మట్టి కొట్టినట్టు." ఇది మంచి మనసు. మన బస్తీల్లో ఆటో, లారీ నడిపేవాళ్లు చాలామందే, వాళ్లూ మనవాళ్లే. కానీ ఈ మాటలో ఒక తెలియనితనం ఉంది. ప్రతి మోటారు బండికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఇక్కడ థర్డ్ పార్టీ అంటే ఆ సైకిల్ మనిషే. బీమా ఉన్న బండి అయితే సాధారణంగా పరిహారం కట్టేది కంపెనీ. డ్రైవర్‌కు లైసెన్సు లేని సందర్భాల్లో కూడా కంపెనీ ముందు బాధితుడికి కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పడం ఉంది. ఆర్టీసీ బస్సు అయితే సంస్థ మీద క్లెయిమ్ వేయాలి. ఆ పేద డ్రైవర్ ఏటా యజమాని చేత కట్టించిన ప్రీమియం ఈ రోజు కోసమే. నంబరు కొడితే బీమా ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో కనిపిస్తుంది.

"అల్లా మర్జీ, ఎవరిని అడుగుతాం" అనేవాళ్లూ ఉన్నారు. సబర్ వేరు, హక్కు వదులుకోవడం వేరు. పొరపాటున ప్రాణం పోయినా దియత్ చెల్లించాలన్న నియమం మన షరీఅత్‌లోనే ఉంది. తెలియక చేసిన నష్టానికైనా పూచీ ఉంటుందన్నది మనకు కొత్త సంగతి కాదు.

ఆరు నెలలు

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం పరిహారం దరఖాస్తు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి. అంతకుముందు చాలా ఏళ్లు ఇలాంటి గడువు లేదు కాబట్టి "మూడేళ్లయినా వేయొచ్చు" అనే పాత సలహా ఇప్పటికీ తిరుగుతోంది. అది నమ్మి కూర్చోవద్దు. కట్టు విప్పేదాకా ఆగుదాం, రంజాన్ అయ్యాక చూద్దాం అనుకుంటూ ఉంటే ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి.

దరఖాస్తు ప్రమాదం జరిగిన చోటు కోర్టులోనే వేయనక్కర లేదు, బాధితుడు నివసించే చోటు ట్రిబ్యునల్‌లో కూడా వేయవచ్చు. నాందేడ్ లారీ ధర్మాబాద్‌లో గుద్దినా, నిజామాబాద్ మనిషి నిజామాబాద్‌లో అడగవచ్చు. దారులు రెండు. డ్రైవర్ తప్పు రుజువు చేసి అడిగేది 166వ సెక్షన్. తప్పు ఎవరిదని చూడకుండా, ప్రాణం పోతే ఐదు లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు ఇచ్చేది 164వ సెక్షన్. మొదటి దారిలో ఆసుపత్రి ఖర్చు, పోయిన కూలి, ఇకముందు తగ్గే సంపాదన, పడిన బాధ అన్నీ లెక్కలోకి వస్తాయి. సంపాదన లేని పిల్లలకూ పరిహారం ఉంది, వాళ్ల తరఫున తల్లో తండ్రో వేస్తారు. సైకిల్ మనిషిది కొంత తప్పు ఉంటే, అంటే ఎదురుదారిన వచ్చాడనో, చూడకుండా మళ్లాడనో తేలితే, అంత భాగం తగ్గిస్తారు. అంతేగానీ మొత్తం పోదు. రాత్రి లైటు లేకుండా రోడ్డు మీద ఆపిన ట్రాలీకి వెనక నుంచి సైకిల్ తగిలినా అడగడానికి వీలుంది. తప్పు తనదే అనుకుని ఊరుకునేది ఎక్కువగా ఈ కేసుల్లోనే.

మేస్త్రీలకు, హమాలీలకు జీతం చీటీ ఉండదు. పని ఇచ్చినవారి రాత, కూలి జమ అయిన బ్యాంకు పుస్తకం, లేబర్ కార్డు పనికొస్తాయి. మందుల బిల్లు నుంచి ఆటో కిరాయి దాకా ప్రతి చీటీ ఒక సంచిలో వేయాలి. అవయవం దెబ్బతింటే ప్రభుత్వ మెడికల్ బోర్డు వైకల్య ధ్రువపత్రం కావాలి.

ఇక్కడే మధ్యవర్తులు వస్తారు. ఆసుపత్రి వరండాలోనే పరిచయం చేసుకుని, వచ్చినదాంట్లో ఇంత శాతం మాది అంటారు. ఆ అవసరం లేదు. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, పరిమితికి లోబడిన ఆదాయం ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. మన అర్జీదారుల్లో ఎక్కువమంది ఈ పరిధిలోకే వస్తారు.

బండి దొరకనే దొరకకపోతే? మా పిల్లవాడి కేసు అదే కదా. గుద్ది పారిపోయిన బండి ఆనవాలు దొరకనప్పుడు 2022 ఏప్రిల్ నుంచి ప్రాణనష్టానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు ఇచ్చే పథకం ఉంది. దరఖాస్తు కోర్టుకు కాదు, రెవెన్యూ అధికారులకు, అంటే ఆర్డీవో లేదా తహసీల్దారు దగ్గర ఇవ్వాలి. విచారణ తర్వాత కలెక్టరు మంజూరు చేస్తారు. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ మూడు డివిజన్లలోనూ ఆర్డీవో కార్యాలయాలు ఉన్నాయి. పెద్ద మొత్తం కాదు, కానీ తల్లి గొలుసుకు సరిపోతుంది. దీనికీ ఎఫ్ఐఆర్, గాయం సర్టిఫికెట్ కావాలి. మళ్లీ మొదటి రోజుకే వచ్చాం చూడండి.

దాతలకు మా మనవి

సాయం ఎప్పుడు అందాలన్నది మన ముందున్న ప్రశ్న. ఇప్పుడు మనం ఆపరేషన్ బిల్లు వచ్చాక, అంటే ఐదో రోజో పదో రోజో రంగంలోకి దిగుతున్నాం. మొదటి రోజు ఒక చదువుకున్న మనిషి ఆ కుటుంబంతో ఆసుపత్రికీ, స్టేషన్‌కూ తోడుపోతే అయ్యే ఖర్చు పెట్రోలు, రెండు జిరాక్సులు. రిటైరైన ఉద్యోగులు, వకీళ్లు, మా వంటి ఉపాధ్యాయులు పట్నంలో ఇద్దరు, బోధన్‌లో ఇద్దరు వంతులవారీగా ఈ పనికి పేరిస్తే చాలు. పేరు ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

డబ్బు విషయంలో ఒక సూచన. ఇలాంటి కేసుల్లో వైద్యానికి ఇచ్చే మొత్తాన్ని జకాత్‌లోంచి కాకుండా సదకా, చందాలతో ఒక వేరే నిధి పెట్టి కర్జె హసనాగా ఇవ్వవచ్చునేమో కమిటీ ఆలోచించాలి. జకాత్ ఇచ్చాక అది తీసుకున్నవారి సొంతం, తిరిగి అడగడానికి లేదు. కర్జె హసనా అయితే పరిహారం చేతికి వచ్చాక వాళ్లు తిరిగి ఇస్తారు, అదే డబ్బు తర్వాతి ఇంటికి పోతుంది. పరిహారం రాకపోతే అడగకూడదు, ఆ షరతు ముందే కాగితం మీద ఉండాలి. అప్పు అన్న పేరు వింటేనే ఆసుపత్రి మెట్ల మీద ఆగిపోయే కుటుంబాలు ఉన్నాయి, వాళ్లకు దీన్ని ఎలా చెప్పాలో కూడా ఆలోచించాలి. షరీఅత్ పరంగా సరైన తీరు ఏదో ఉలమాలను అడిగి తేల్చుకుందాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ రెండు విషయాలూ ఎజెండాలో పెట్టమని కార్యదర్శి గారికి లేఖ ఇచ్చాం.